మీ వీధి చెట్టులో చలికాలం గడిపే గ్రీనిష్ వార్బ్లర్‌ని పట్టుకోవడం ఎలా (చెవితో)

విశాఖలో పక్షులు చూసే అలవాటున్నవాళ్ళలో చాలామంది చలికాలం రాగానే కెమెరా భుజాన వేసుకుని కొండకర్ల ఆవ సరస్సుకో అరకుకో బయల్దేరతారు. వెళ్ళండి, తప్పకుండా చూడాల్సిన చోట్లే అవి. అయితే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మీ వీధి చివర నిద్రగన్నేరు చెట్టులోనో, ఆఫీసు వెనక చింతచెట్టులోనో రోజూ పొద్దున్నే అరుస్తూ ఒక వలస పిట్ట ఉంటుంది, దాని కిందనుంచే నడిచి వెళ్ళిపోతూ కూడా మనం తలెత్తి చూడం. దాని పేరు గ్రీనిష్ వార్బ్లర్. బరువు సుమారు 8 గ్రాములు, అంటే మీ జేబులో ఉన్న పది రూపాయల నాణెం అంత. అంత చిన్న పిట్ట మధ్య ఆసియా అడవుల నుంచో, ఇంకా పైన సైబీరియా నుంచో, పశ్చిమ హిమాలయాల నుంచో ఎగిరొచ్చి, మన ఊళ్ళో ఒక చెట్టో నాలుగు చెట్లో తనవి చేసుకుని, చలికాలమంతా అక్కడే కాపలా కాస్తుంది. కొత్త కొత్త పక్షుల కోసం ఊరూరా తిరిగేకంటే ఈ ఒక్క పిట్టని ఒక చలికాలం పాటు ఒకే చెట్టులో గమనిస్తే వలస అంటే ఏమిటో ఎక్కువ అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. ఎలా గమనించాలో చెబుతాను.

ముందు బైనాక్యులర్స్ పక్కన పెట్టండి. ఆశ్చర్యంగా ఉండొచ్చు గానీ ఈ పిట్ట విషయంలో కళ్ళు రెండో మెట్టు, చెవులే మొదటి మెట్టు. ఆకు రంగులోనే ఉంటుంది, చెట్టు పై కొమ్మల్లో తిరుగుతుంది, ఒక్క క్షణం కుదురుగా ఉండదు, ఆకు అడుగున వేలాడి పురుగుని లాక్కుని వెంటనే పక్క కొమ్మకి వెళ్ళిపోతుంది. చూద్దామని మొదలుపెడితే మెడనొప్పి తప్ప ఏమీ మిగలదు. కూత మాత్రం చాలా స్పష్టంగా ఉంటుంది. రెండు ముక్కల కూత, ‘చిస్-వీ’ అన్నట్టు, సన్నగా, పదునుగా, చురుగ్గా వినిపిస్తుంది. తినే పని చేసుకుంటూనే కాసేపటికోసారి అరుస్తూ ఉంటుంది. జీనో-కాంటో అనే వెబ్‌సైట్‌లో ప్రపంచంలోని చాలా పక్షుల కూతలు ఉచితంగా వినొచ్చు, అందులో ఈ పిట్ట కూతలు వెతికి, ముఖ్యంగా మన దేశంలో చలికాలంలో రికార్డు చేసినవి, ఇంట్లో కూర్చుని రోజూ నాలుగైదు సార్లు వినండి. పాటలు కాకుండా కూతలు వినాలి, ఎందుకంటే పాట వేరే, అది వేసవికి దగ్గరపడ్డాక గానీ ఇక్కడ వినపడదు. చెవికి ఒక్కసారి అలవాటైతే బండి మీద వెళ్తూ కూడా ‘అదిగో’ అనుకుంటారు.

ఇక టైం. మన ఊళ్ళో పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా బంగారం లాంటి సమయం. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలై ఆకులన్నీ కదలడం మొదలుపెడతాయి, ఇక ఏది ఆకో ఏది పిట్టో తెలియదు, ట్రాఫిక్ మోత కూడా కూతను మింగేస్తుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్ళీ కాస్త హుషారుగా ఉంటుంది గానీ పొద్దున్నకి సాటి రాదు.

చోటు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. కంబాలకొండ అభయారణ్యంలో ఉంటుంది, సింహాచలం కొండ వాలుల్లో ఉంటుంది, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో పాత చెట్ల మధ్య, పెదవాల్తేరు బయోడైవర్సిటీ పార్కులో, ఉక్కునగరం రోడ్ల వెంట కూడా వెతకొచ్చు. కంబాలకొండని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి ఊరికి ఆనుకునే ఉంది, అది మనకున్న అదృష్టం. కానీ ఈ పనికి మాత్రం అంత దూరం వెళ్ళొద్దనే నా సలహా, మీరు రోజూ పావుగంట నిలబడగలిగే చెట్టు కావాలి. అపార్ట్‌మెంట్ వెనక, పిల్లల స్కూలు గేటు దగ్గర, బస్టాపు పక్కన, ఎక్కడైనా సరే. పెద్ద గుబురున్న చెట్టు, ఆకు చిన్నదైతే మరీ మంచిది: నిద్రగన్నేరు, చింత, వేప, తుమ్మ. మామిడి, కానుగ కూడా సరే. బీచ్ రోడ్డులో కొబ్బరి, తాటి వరసల కింద నిలబడి లాభం లేదు, దానికి కావలసిన పురుగులు దొరికేది ఆకుల గుబుర్లలోనే.

కూత దొరికాక అప్పుడు బైనాక్యులర్స్ తీయండి. 8x42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) ఈ పనికి చక్కగా సరిపోతుంది, అంతకంటే ఎక్కువ పవర్ ఉన్నవి ఇలా గెంతే పిట్ట వెంట తిప్పడం కష్టం. కూత వచ్చిన కొమ్మ మొత్తాన్ని మామూలు కళ్ళతో చూస్తూ ఉండండి, ఆకు గాలికి కదిలినట్టు కాకుండా విదిలించినట్టు కదిలిన చోటు పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ కళ్ళ దగ్గరికి తీసుకురండి. ఏం చూడాలంటే, వీపు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, పొట్ట మాసిన తెలుపు, కంటి పైన ముక్కు మొదలు నుంచి తల వెనకదాకా పొడుగ్గా లేత రంగు గీత, కంటి మీదుగా నల్లటి గీత. ముక్కు కింది భాగం లేతగా పసుపు గులాబీ కలిసినట్టు ఉంటుంది, కాళ్ళు ముదురు రంగు. రెక్క మీద సన్నటి తెల్ల గీత ఒక్కటి ఉండాలి అని పుస్తకాలన్నీ చెబుతాయి, నిజమే, కానీ ఈకలు అరిగిన పిట్టల్లో ఆ గీత దాదాపు కనపడదు. కాబట్టి గీత లేదని పిట్టని కొట్టిపారేయొద్దు. ఆడ, మగ ఒకేలా ఉంటాయి, చూసి తేడా చెప్పలేం.

దీన్ని వేరేవాటితో కలిపేసుకోవడం చాలా సులువు. దర్జీ పిట్ట ఏడాదంతా ఉండేది, తోక పైకెత్తుతుంది, నెత్తి ఇటుక రంగు, గొంతు పెద్దది. ఆడ తేనెపిట్టకి ముక్కు వంకర తిరిగి ఉంటుంది. కంటి చుట్టూ తెల్ల రింగు ఉంటే అది వైట్-ఐ, గుంపుగా తిరుగుతుంది. వీటితో అంత ఇబ్బంది లేదు. అసలు తికమక పెట్టేవి తోటి వలస పిట్టలే. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ మన దగ్గర చలికాలంలో బాగా కనిపిస్తుంది, అది గోధుమ రంగులో, పొడవు ముక్కుతో, ఎక్కువగా కింద పొదల్లో ఉండి ‘చెక్... చెక్’ అని నాలుకతో చప్పరించినట్టు అరుస్తుంది. రెక్క మీద రెండు స్పష్టమైన గీతలు, ఇంకా చిన్న శరీరం ఉంటే అది వేరే జాతి. అనంతగిరి, అరకు వైపు తడి అడవుల్లోకి వెళ్తే లార్జ్-బిల్డ్ లీఫ్ వార్బ్లర్ కూడా ఉండొచ్చు, చూడ్డానికి దీనికి అన్నలాగే ఉంటుంది, కానీ కూత రెండు వేర్వేరు స్వరాలతో ఈల వేసినట్టుంటుంది. మళ్ళీ చెవి దగ్గరికే వచ్చాం చూడండి. కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే సాయం చేస్తుంది, కానీ అది చెప్పినదల్లా రాసేసుకోకండి, మీ చెవితో ఒప్పుకున్నాకే రాయండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ పిట్ట చలికాలంలో ఎందుకు అరుస్తుంది? గూడు లేదు, జత లేదు, పిల్లలు లేవు. అది అరిచేది తన ఇలాకా చెప్పుకోవడానికి. ఇక్కడ ప్రతి పిట్టా ఒంటరిగా, ఆడదైనా మగదైనా, తనకంటూ కొన్ని చెట్లు పట్టుకుని ఇంకో గ్రీనిష్ వార్బ్లర్‌ని రానివ్వదు. ఆ చెట్లలోని పురుగులు, సాలీళ్ళు, చిన్న గొంగళిపురుగులే దానికి ఆరు నెలల తిండి. వేరే జాతి పిట్టలు వస్తే పట్టించుకోదు, వాటి గుంపుతో కలిసి కాసేపు తిరుగుతుంది కూడా, కానీ గుంపు ఇలాకా దాటిపోతే చాలాసార్లు తను వెనక్కి తగ్గుతుంది. ఈ సంగతులు తెలియడంలో మన ప్రాంతానికే పెద్ద భాగం ఉంది, అది మన జిల్లాల వాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు 1970ల్లో మన తూర్పు కనుమల్లో పక్షుల్ని చూసి, గ్రీనిష్ వార్బ్లర్ చలికాలం ఎలా గడుపుతుందో 1981లో ప్రచురించాడు. మన విశాఖకే చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు కూడా ఆ కాలంలోనే ఈ కనుమల పక్షుల మీద ఎంతో పని చేశారు. తర్వాత 1990ల్లో మధుసూదన్ కత్తి అనే శాస్త్రవేత్త తమిళనాడులోని కలక్కాడ్-ముండంతురై అడవిలో ఇవే పిట్టల మీద పనిచేసి, చలికాలపు కూతకీ ఇలాకా కాపలాకీ ఉన్న సంబంధాన్ని వివరంగా చూపించారు.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఇలాకా మ్యాప్ గీయడం. ఒక తెల్ల కాగితం మీద మీ వీధి గీయండి, చెట్లు గుండ్రాలుగా పెట్టండి, కరెంటు స్తంభాలు, గేట్లు గుర్తులుగా వేసుకోండి. రోజూ ఒకే టైంలో పదిహేను నిమిషాలు నిలబడి, కూత వినపడ్డ ప్రతి చెట్టు దగ్గరా తేదీ రాయండి. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులు చాలు, కానీ నవంబర్‌లో మొదలుపెట్టి జనవరిలో వదిలేయొద్దు. కొన్నాళ్ళకి గుర్తులన్నీ కొన్ని చెట్ల చుట్టూనే పేరుకోవడం మీకే కనిపిస్తుంది. అన్నిటికంటే విలువైనది ఏమిటంటే, ఒకేసారి రెండు చోట్ల నుంచి కూతలు వినపడటం. ఒకటి ఎడమవైపు చింతలోంచి, ఇంకొకటి కుడివైపు వేపలోంచి, మార్చి మార్చి, మామూలు కంటే వేగంగా అరుస్తుంటే అక్కడ హద్దు ఉందన్నమాట. అప్పుడు రెండు చుక్కలు పెట్టి మధ్యలో గీత గీయండి. ఒక్కోసారి హద్దు దగ్గర తరుముకోవడం కూడా చూస్తారు, ముఖ్యంగా అక్టోబర్‌లో, చోట్లు ఇంకా పంచుకుంటున్న రోజుల్లో. వినపడని రోజు కూడా ‘లేదు’ అని రాయండి. ఖాళీగా వదిలేస్తే మీరు వెళ్ళలేదో పిట్ట లేదో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

చెట్టు కింద అలా నిలబడితే జనం అడుగుతారు. ‘ఏటి బాబూ, పొద్దున్నే సెట్టేసి సూస్తన్నావు?’ అని వాచ్‌మన్ అడిగితే విసుక్కోకుండా కూత వినిపించి చూపించండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చెట్టు కిందే ఉండే మనిషి ఆయన, మీకంటే బాగా గమనిస్తాడు.

ఒక్కటి మాత్రం దయచేసి చేయొద్దు. ఫోన్‌లో దాని కూత ప్లే చేసి దగ్గరికి రప్పించడం. వస్తుంది, వెంటనే వస్తుంది, ఫోటో కూడా దొరకొచ్చు. కానీ అది వచ్చేది తన తిండి చోటులోకి ఇంకొకటి చొరబడిందనుకుని, తినడం మానేసి వెతుక్కోవడానికి. 8 గ్రాముల ఒంటికి ఆ పరుగులు ఊరికే పోయేవి కావు. పైగా మీరు గీస్తున్న మ్యాప్ కూడా పాడవుతుంది, ఎందుకంటే అది తనంతట తను ఎక్కడ తిరుగుతుందో మనకి కావాలి.

దారి గురించి చెప్పకుండా ఉండలేను. మ్యాప్ తీసి మన విశాఖ మీద వేలు పెట్టి నిట్టనిలువుగా ఉత్తరానికి జరపండి, రష్యాలోని నోవోసిబిర్స్క్ దగ్గరికి చేరుతుంది, రెండు ఊళ్ళూ దాదాపు ఒకే రేఖాంశం మీద, 83 డిగ్రీల తూర్పున ఉన్నాయి. తిన్నగా కొలిస్తే 4,100 కిలోమీటర్లకు పైనే. ఆ పశ్చిమ సైబీరియా అడవుల్లో పిల్లల్ని పెంచే గ్రీనిష్ వార్బ్లర్లు మన దేశానికి వచ్చేది మాత్రం తిన్నగా కాదు, మధ్యలో టిబెట్ పీఠభూమి ఉంది, చెట్టూ పురుగూ దొరకని ఎత్తు. అందుకని పడమటి వైపు నుంచి, మధ్య ఆసియా మీదుగా చుట్టు తిరిగి వస్తాయి. ప్రయాణం రాత్రిపూట, పగలు ఎక్కడో చెట్లలో ఆగి తిని ఒళ్ళు పెంచుకుంటాయి.

ఈ టిబెట్ వల్లే ఇంకో వింత జరిగింది, పక్షి శాస్త్రం చదివేవాళ్ళందరికీ ఈ పిట్ట పేరు తెలియడానికి అదే కారణం. ఈ జాతి టిబెట్ చుట్టూ దండలా పరుచుకుని ఉంది. హిమాలయాల నుంచి పడమటి వైపుగా ఒక వరస, తూర్పు వైపుగా చైనా మీదుగా ఇంకో వరస, రెండూ పైకి వెళ్ళి మధ్య సైబీరియాలో కలుస్తాయి. దారి పొడుగునా పాట కొంచెం కొంచెం మారుతూ పోయి, ఆ కొసన కలిసేసరికి రెండు వైపుల పిట్టలూ ఒకదాని పాట ఒకటి పట్టించుకోవు, దాదాపు రెండు వేరు జాతుల్లా పక్కపక్కనే బతుకుతాయి. టైస్‌హర్స్ట్ అనే ఆయన 1938లోనే ఈ సంగతి గమనించాడు, 2001లో డారెన్ ఇర్విన్, ఆయన తోటివాళ్ళు పాటలతో, జన్యువులతో వివరంగా చూపించారు, ట్రెవర్ ప్రైస్ కూడా అందులో ఉన్నాడు. తూర్పు సైబీరియా పిట్టలు చలికి ఆగ్నేయాసియా వైపు దిగుతాయి, మనవైపు వచ్చేవి పడమటి వరసవి. అక్కడ వేసవిలో ఇవి నేల మీదే, గట్టు పక్కన గుంటలోనో వేళ్ళ మధ్యనో, నాచుతో పైకప్పున్న గూడు కడతాయట. ఇక్కడ చెట్టు చిటారున తిరిగే పిట్ట అక్కడ నేల మీద గూడు పెడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన వైపు నుంచి దానికి చేయగలిగింది ఉంది. ఈ పిట్ట ఇక్కడికి చేరే అక్టోబరే మన తీరానికి తుఫాన్ల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఊళ్ళో చెట్లు ఎలా పడిపోయాయో, మిగిలిన చెట్లు ఆకు లేకుండా ఎలా నిలబడ్డాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి అదే చోటు వెతుక్కుంటూ వచ్చే పిట్టకి చెట్టు పోతే చోటు పోయినట్టే. అలా మిగిలిన, మళ్ళీ పెరిగిన చెట్లని కొమ్మలు నరికించే పని ఉంటే మే నెలలో పెట్టించండి, అప్పుడు ఈ పిట్టలు ఇక్కడ ఉండవు (కాకి గూళ్ళు, ఇంకే గూళ్ళైనా ఉన్నాయేమో చూసుకుని). మొత్తం ఒకేసారి మోడు చేయకుండా కొన్ని కొమ్మలు వదలమనండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో పురుగుల మందు కొట్టించే మాట వస్తే చెట్లకి వద్దని అడగండి, ఆ పురుగులే దీని అన్నం. అద్దాల కిటికీకి కొట్టుకుని కింద పడితే గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట ఒక గంట ఉంచండి. నోట్లో నీళ్ళు పోయొద్దు, ఏమీ తినిపించొద్దు. కోలుకుంటే అదే చెట్టు దగ్గర పెట్టె తెరవండి. ఎగరలేకపోతే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి, ఇంట్లో పెంచుకోవద్దు.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని అందరూ కలిసి పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది, పావుగంట చూసి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో లిస్టు పెడితే చాలు, ఈ పిట్ట ఒక్కటే దొరికినా పెట్టండి. ఆ తర్వాతి నెలలు నాకు అన్నిటికంటే ఇష్టం. తిరిగి వెళ్ళేలోగా ఇది ఇక్కడే ఈకలు మార్చుకుంటుంది, ఎండలు ముదిరేకొద్దీ ఎక్కువగా తిని కొవ్వు పట్టించుకుంటుంది, మార్చి, ఏప్రిల్‌లో ఒక పొద్దున్న రెండు ముక్కల కూతకి బదులు గబగబా దొర్లించినట్టు ఒక చిన్న పాట వినపడుతుంది. ఆ తేదీ మ్యాప్ మీద వేరే రంగుతో రాయండి. ఏప్రిల్‌లో మాత్రం వీలైతే ఒక్క పొద్దున్న కూడా వదలొద్దు, ఎందుకంటే చివరిసారి విన్న తేదీ కావాలంటే దాని తర్వాత వరసగా ‘లేదు’లు ఉండాలి. ఆ కాగితం దాచి, సెప్టెంబర్ మూడో వారం నుంచి మళ్ళీ అదే చెట్ల కింద చెవి పెట్టండి. చలికాలం గడిపిన చోటికే ఇవి మరుసటి ఏడాది తిరిగి రావడం పరిశోధకులు చూసిన విషయమే, అయితే కాలికి పరిశోధకులు వేసే గుర్తు రింగు లేని పిట్ట కిందటేడాదిదే అని మనం రాయకూడదు. ‘అదే చెట్టు, అదే జాతి, ఫలానా తేదీ’ అని రాయండి, పాత మ్యాప్ పక్కన కొత్తది పెట్టి హద్దులు ఎక్కడ కలిశాయో చూడండి.